సోఫా కింద దొరికిన బండ

ఈ రోజు నా స్నేహితురాలు నస్రీన్ కర్నూలులో తన ఇంటి హాలుకు టైల్స్ వేయించడానికి పాత బండలు తీయించింది. అన్నీ పచ్చటి బేతంచెర్ల బండలే. సోఫా కింద మూలలో మాత్రం ఒకటి గోధుమరంగుది బయటపడింది. దాన్ని ఆటోలో వేసుకుని నేరుగా మా ఇంటికి వచ్చేసింది.

ఆ బండలు కొనేటప్పుడు నన్ను తోడు తీసుకెళ్లింది తనే. పాలిషింగ్ యూనిట్‌లో వాటిని చూపించిన సుధాకరే ఇప్పుడు మా ఆయన. ప్రతి బండ మీదా నీళ్లు పోసి, అసలు రంగు తేలాకే లారీకెక్కించే మనిషి.

"ఏమప్పా, నీళ్లు పోసి చూసే గదా ఇచ్చినావు? ఇదెట్లొచ్చె?" అని నస్రీన్ ఆయనను నిలదీసింది.

"నీళ్లు బండ మీదనే పోస్తినమ్మా. చూసింది మాత్రం ఈమెను" అన్నాడు.

తనకంటే ముందు నేనే తనను ఇష్టపడ్డానని ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకున్న పెద్దమనిషి!

మీ ఇంట్లో ముందు మనసు పారేసుకున్నదెవరు? సాక్ష్యం ఉంటేనే రాయండి. మా సాక్ష్యాన్ని గడప ముందు వేయిస్తున్నా. ఇక ఆయన రోజూ దాన్ని తొక్కుకుంటూనే పనికి పోవాలి.