పెద్ద గ్రూపులోనే ఆడతామన్న మా చెల్లి

మా చెల్లి పోయింది. శ్రావణమాసం, శుక్రవారం పొద్దున. నేను దీపం వెలిగించి కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఫోను మోగింది. జపం మధ్యలో లేవడం నాకు అలవాటు లేదు. మళ్లీ మోగింది. ఆగకుండా మోగుతుంటే లేచి తీశాను. కాలేజీ గ్రౌండు నుంచి ఒక పిల్ల గొంతు. "పెద్దమ్మా, మేడం పడిపోయింది. లేపితే లేవట్లా." నేను ఆస్పత్రికి చేరేసరికి కబడ్డీ పిల్లలంతా బూట్లు బయట విప్పి, గుడిలో నిలబడ్డట్టు గోడవారన నిలబడి ఉన్నారు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

నలుగురిలో నేను పెద్దదాన్ని, తను ఆఖరిది. నరసరావుపేటలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో పీడీగా చేసేది. పిల్లలకి ఆటలు నేర్పే మేడం అన్నమాట. దుఃఖం గురించి రాయడం నాకు రాదు. అది దేవుడికి చెప్పుకునేది. తనని తలచుకుంటే మాత్రం ముందు పోయిన ఏడాదే గుర్తొస్తుంది. అది గుర్తొస్తే ఈ వయసులోనూ నా గుండె గబగబా కొట్టుకుంటుంది. అందుకని అదే రాస్తున్నాను.

మాది ఇనప సామాన్ల కొట్టు. నాన్న కొట్టు కట్టేసి ఇంటికొచ్చేసరికి ఇది మోకాళ్లు చెక్కుకుపోయి అరుగు మీద కూర్చుని ఉండేది.

"వ్యాపారం చేసుకునే ఇంట్లో పిల్లకి కబడ్డీ ఏందే?" అనేవాడు నాన్న.

"నువ్వు తూకం రాళ్లు మొయ్యట్లా? నేను మనుషుల్ని మోస్తా" అనేది.

నాన్న నవ్వు ఆపుకోలేక లోపలికి పోయేవాడు. ఆ నవ్వే దానికి పర్మిషన్ అయింది.

పెళ్లయ్యాక మంగళసూత్రంతో పాటు విజిల్ తాడు కూడా మెడలోనే ఉండేది. పెళ్లిళ్లకి వచ్చినా తీసేది కాదు. కోర్టు గీతలు సున్నంతో గీస్తే పిల్లల కాళ్లు మండుతాయని, ముగ్గుపిండి తెచ్చుకుని తనే వంగి గీసేది. చూసేవాళ్లకి గ్రౌండులో ఎవరో పండగ చేస్తున్నట్టుండేది. పిల్లల్ని ఊరి పేరుతోనే పిలిచేది. ఈపూరూ, రాజుపాలెం, ఒరేయ్ విజయపురి సౌతూ! ఎందుకే అలా అని అడిగితే, "పేరైతే దాని ఒక్కదానిదక్కా. ఊరి పేరు పెట్టి పిలిస్తే ఊరంతా దాని వెనకాల నిలబడ్డట్టుంటది" అంది. ఓడిన పిల్లని ఎప్పుడూ తిట్టలేదు. "పొద్దున ఏం తిన్నావే?" అని అడిగేది. సగం ఓటములు ఖాళీ కడుపువే అని దాని నమ్మకం.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక మధ్యాహ్నం తడిసిన గొడుగుతో వంటింట్లోకే వచ్చేసింది.

"అక్కా, యూనివర్సిటీ వాళ్లు గ్రూపులు మార్చేశారు!"

నాకేం అర్థం కాలేదు. నేను తరుగుతున్న దొండకాయలు లాక్కుని గచ్చు మీద పేర్చింది.

అంతకుముందు మాచర్ల, గురజాల, నరసరావుపేట వైపు కాలేజీలన్నీ కబడ్డీకి ఒక గ్రూపు. అందులో గెలిచిన జట్టు గుంటూరు వెళ్లి అక్కడి పెద్ద కాలేజీలతో ఆడాలి. మా పిల్లలు ఏటా ఇక్కడ గెలిచేవాళ్లు. ఏటా అక్కడ మొదటి ఆటలోనే ఓడి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేవాళ్లు. ఇప్పుడు ఈ వైపు చాలా కాలేజీలు జట్లు ఎత్తేశాయి. అందుకని మిగిలిన కాలేజీలు తమ దారి తామే ఎంచుకోవాలంది యూనివర్సిటీ. దారులు మూడు. మిగిలిన చిన్న కాలేజీలతో చిన్న గ్రూపులోనే ఉండిపోవచ్చు. గుంటూరు కాలేజీల పెద్ద గ్రూపులో చేరి సీజనంతా వాళ్లతోనే ఆడొచ్చు. లేదంటే జట్టు ఎత్తేసి పరుగు పందేలకి మాత్రం పిల్లల్ని పంపుకోవచ్చు.

"చిన్న గ్రూపులో ఉంటే కప్పు మనదే కదే" అన్నాను.

"కప్పు మనదే. చూసేవాడే ఉండడు. యూనివర్సిటీ జట్టుకి పిల్లల్ని ఏరేవాళ్లు పెద్ద గ్రూపు ఆటలకే వచ్చి కూర్చుంటారక్కా. మన పిల్లలు వాళ్ల కళ్లబడాలంటే అక్కడ ఆడాలి."

"ఓడిపోతే?"

"ఓడితే ఎక్కడ ఓడామో తెలుస్తది. ఇక్కడ గెలిస్తే ఏం తెలుస్తది?"

దొండకాయలు మళ్లీ నా పళ్లెంలో వేసి, గొడుగు మర్చిపోయి వెళ్లిపోయింది.

ప్రిన్సిపాల్ గారి గదిలో జరిగింది సాయంత్రం తనే నాకు అప్పజెప్పింది. ఆయన మంచాయన, భయస్తుడు. "మేడం, వచ్చే కప్పు వదులుకుని ఉన్న పరువు పోగొట్టుకుంటామా?" అన్నారట. మా చెల్లి కదల్లేదు. చివరికి ఆయన మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి ఒక షరతు తెచ్చారు. పెద్ద గ్రూపులో ఒక్క ఆటైనా గెలవాలి. గెలవకపోతే మరుసటి ఏడు నుంచి కబడ్డీ జట్టు ఉండదు. మూడో దారే.

"ఒప్పుకున్నావా?" అన్నాను.

"ఒప్పుకున్నా. నువ్వు దణ్ణం పెట్టుకో. ఆట మేం చూసుకుంటాం."

అక్కడ ఇంకో చిక్కు ఉంది. గుంటూరులో ఆటంతా మ్యాట్ మీద. మా పిల్లలు పుట్టి బుద్ధెరిగి నల్లరేగడి తప్ప తొక్కలేదు. మట్టి మీద కాలు నాటుకుంటుంది, మ్యాట్ మీద జారుతుంది. కాలేజీలో మ్యాట్ లేదు. అప్పుడు రాజుపాలెం పిల్ల అంది, "మా కల్లంలో పట్టలున్నయి మేడం. ఎండాకాలం మిరపకాయలు ఆరబోస్తం గదా, అవి. కింద వరిగడ్డి పరిచి పైన పట్టేస్తే అచ్చం మ్యాట్ లెక్కే ఉంటది."

మా చెల్లికి ఆ ఊహ తెగ నచ్చింది. వాళ్ల నాన్న ట్రాక్టర్ మీద పట్టలు వేసుకొచ్చాడు. బయట వాన. సైకిల్ షెడ్డులో తలుపు వేసి గడ్డి పరిచారు. ఆ రోజు నేను పిల్లలకి పులిహోర చేసుకెళ్లాను. ఎండాకాలం మడిచి అటక మీద పడేసిన పట్టలు అవి. వాటి మడతల్లో ఏముందో పల్నాడులో పుట్టిన ఏ ఒక్కరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు. నలుగురు పిల్లలు నాలుగు మూలలు పట్టుకుని ఒక్క విదులుపు విదిలించారు.

ఎర్రటి దుమ్ము లేచింది. మరుక్షణం షెడ్డులో కళ్లు తెరిచిన మనిషి లేదు. ఒకటే తుమ్ములు, దగ్గులు, "అమ్మో, మేడమో" అని కేకలు. తలుపు ఎటుందో తెలీక పిల్లలు గోడల్ని గుద్దుకున్నారు. ప్రిన్సిపాల్ గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "ఏం తాలింపమ్మా ఇది? ఆటలు నేర్పుతున్నారా, పచ్చళ్లు పెడుతున్నారా?"

మా చెల్లి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, నీళ్లు ధారగా కారుతున్నాయి. అయినా కూతపెడుతున్న ఈపూరు పిల్లనే చూస్తోంది. ఆ పిల్ల, అందరూ దగ్గుతుంటే, పంతానికి "కబడ్డీ కబడ్డీ" అంటూ షెడ్డు మధ్యలో నిలబడింది. ఊపిరి తెగలేదు. "చూశావా అక్కా" అంది మా చెల్లి, తుమ్ముల మధ్యలోనే. "ఈ ఘాటులో కూత ఆపని పిల్ల గుంటూరులో ఆపుద్దా?"

పట్టలు బోరు కింద వేసి, నీళ్లు తెల్లబడేదాకా తొక్కి ఉతికారు. ఆ తర్వాత దసరా దాకా రోజూ ఆ గడ్డి మీదే ఆట. నా పులిహోర మాత్రం ఆ రోజు ఎవరికీ ఎక్కలేదు.

పెద్ద గ్రూపులో మొదటి ఆట ఓడారు. రెండోది ఓడారు. మూడోది కొద్దిలో ఓడారు. ఇంటికి ఫోన్ చేసి ప్రతిసారీ ఉత్సాహంగానే చెప్పేది. "ఈసారి మూలల్లో ఉన్న పిల్లలు గట్టిగున్నరు అక్కా. మధ్యలో పట్టు తెగింది." దాని గొంతులో భయం మొదటిసారి విన్నది ఆఖరి ఆట ముందు రోజు. "నువ్వు రా అక్కా" అంది. అంతే అంది.

వెళ్లాను. అంతవరకూ నేను దాని ఆట చూడలేదు, దాని పిల్లల ఆటా చూడలేదు. పెద్ద హాలు, పచ్చటి మ్యాట్, ఎదర బల్ల దగ్గర పిల్లల్ని ఏరే పెద్దమనుషులు. అవతలి జట్టు పిల్లలు ఒక్కొక్కరు మావాళ్ల కన్నా జానెడు ఎత్తు. నేను పైన కూర్చుని జపమాల తీశాను. మొదటి కూతకే ఆపేశాను.

విరామానికి వెనకబడి ఉన్నారు. తర్వాత ఈపూరు పిల్ల వెళ్లిన ప్రతిసారీ ఒకరిని కొట్టి వచ్చింది. ఒకసారి ఇద్దరిని. అంతరం తగ్గుతూ వచ్చింది. నేనెప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలీదు. ఇంతలో వాళ్లు మా ఈపూరు పిల్లని పట్టేశారు. బయటికి వెళ్లింది. మా వైపు ముగ్గురే మిగిలారు. ఒక్క పాయింటు వెనక. గడియారంలో ఒక్క కూతకే టైముంది. ఆ కూత వాళ్లది.

పక్కనున్న ఒకామె, "అయిపోయిందండీ" అంది జాలిగా. నిజమే. వచ్చే పిల్ల ఎవర్నీ ముట్టుకోనక్కర్లేదు. లోపలి గీత తొక్కి తన వైపు వెళ్లిపోతే చాలు, ఆట వాళ్లది. మా జట్టూ పోయినట్టే.

మా చెల్లి విజిల్ తాడు పళ్లతో కరుచుకుని ఉంది. మెల్లగా తాడు వదిలి, లోపలున్న ముగ్గురికీ మూడు వేళ్లు చూపించింది. తర్వాత రెండు వేళ్లు. ఆ సైగ నాకు తెలుసు. రోజూ గ్రౌండులో పిల్లలకి చెప్పి, ఇంటికొస్తే నాకూ చెప్పే మాటే. "ముగ్గురమే మిగిలామని ఏడవమాకండే. ఏడుగురుండి పట్టుకుంటే ఒకటే పాయింటు. ముగ్గురుండి పట్టుకుంటే రెండు. తక్కువమంది ఉన్నప్పుడే మన పట్టుకి విలువెక్కువ."

ఆ పొడుగుపిల్ల కూతపెడుతూ వచ్చింది. గీత తొక్కింది. వెనక్కి తిరిగింది. విజయపురి సౌత్ పిల్ల మూలలోంచి చేపలా దూకింది. చీలమండ దొరికింది. పొడుగుపిల్ల పడలేదు, ఈ పిల్లని ఈడ్చుకుంటూనే నడిగీత వైపు పోయింది. చెయ్యి చాపింది. చెయ్యికీ గీతకీ మధ్య బెత్తెడు. రాజుపాలెం పిల్ల నడుం పట్టింది, మూడోపిల్ల వాళ్ల మీద పడింది. నలుగురూ గుట్టగా కదలకుండా ఉండిపోయారు. రెఫరీ మోకాళ్ల మీద వంగి చూశాడు. లేచి మా వైపు చెయ్యి ఎత్తాడు, రెండు వేళ్లతో.

నేను అరిచాను. యాభై దాటిన మనిషిని, గట్టిగా మాట్లాడని మనిషిని, జపమాల చేతికి చుట్టుకుని గొంతు చిరిగేలా అరిచాను. ఇందాకటి ఆమె నన్ను కౌగిలించుకుంది. ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు.

పిల్లలు వచ్చి మా చెల్లిని ఎత్తేశారు. "దింపండే, సిగ్గులేదా, మా అక్క చూస్తంది" అని అరుస్తోంది. బల్ల దగ్గర పెద్దాయన ఒకాయన లేచొచ్చి, ఈపూరు పిల్లనీ, విజయపురి సౌత్ పిల్లనీ యూనివర్సిటీ క్యాంపుకి పంపమన్నాడు. మా చెల్లి సరే సార్ అని, అటు తిరిగి, ముడి ఊడని బూటు లేసు చాలాసేపు కట్టుకుంది.

ఆ గ్రూపులో మావాళ్లు ఆఖరు నుంచి రెండో స్థానం. కాలేజీ అంతా లడ్లు పంచి చెప్పింది ఆ సంగతి. "ఏమే, కింద నుంచి రెండో స్థానానికి లడ్లా?" అంటే, "కింద ఇంకొకళ్లున్నరు గదక్కా, ముందు అది చూడు" అంది.

పెద్దకర్మ అయిన తర్వాత ప్రిన్సిపాల్ గారు నన్ను కాలేజీకి రమ్మని కబురు చేశారు. తన సామాన్లు తీసుకెళ్లాలి కాబోలనుకున్నాను. వెళ్లేసరికి ఆయన గదిలో జట్టంతా నిలబడి ఉంది.

"కొత్త పీడీ రావడానికి టైం పడుతుందమ్మా" అన్నారాయన. "మేడం లేకుండా పెద్ద గ్రూపంటే పిల్లలు నలిగిపోతారు. ఈ ఒక్క ఏడు చిన్న గ్రూపులోకి వెళ్లొచ్చా అని యూనివర్సిటీని అడిగాను. వాళ్లు కాదనలేదు. మేడం మాటకి ఎదురెళ్లినట్టుంటుందేమో, మీరొక మాట అంటే..."

నేను నోరు తెరిచేలోపే ఈపూరు పిల్ల అంది, "మీరు పోండి సార్. మేం రాం."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేర్పేదెవరమ్మా?"

"మాకు మేం నేర్పుకుంటం. నేనూ, ఈ విజయపురి సౌతూ క్యాంపులో చూసొచ్చాం గదా."

ఆయన నా వైపు చూశారు. "ఆడేవాళ్లే చెప్పారు కదండీ" అన్నాను.

ఆయన నిట్టూర్చి పెన్ను తీశారు. పెద్ద గ్రూపు అని రాసి సంతకం పెట్టారు. సంతకం పూర్తి కాకుండానే పిల్లలు గదిలో లేరు. కిటికీలోంచి చూశాను. అప్పుడే వాన వెలిసింది. వరండా మెట్లు దిగే ఓపిక లేక ఒక్కొక్కరే దూకి, మూల ఎవరిది, మధ్య ఎవరిదని పోట్లాడుకుంటూ గ్రౌండు అవతలికి పరుగెత్తారు. వాళ్ల వెనక తడి రేగడిలో లోతుగా దిగబడ్డ అడుగులు. వాటిలోకి ఊట నీళ్లు ఊరుతున్నాయి. మబ్బు తొలగి ఎండ పడింది. ఒక్కో అడుగూ ఒక్కో దీపంలా మెరిసింది.