మెక్సికో బండి

పొద్దున్నే ఆటోలో వచ్చే ఇరవై లీటర్ల టిన్ను మూత తీయగానే ప్లాస్టిక్ వాసన గుప్పుమంటుంది. బందరులో మా వీధివాళ్ళకి అది మంచినీళ్ళ వాసన. నాకు మాత్రం పదకొండేళ్ళప్పుడు ఆడిన ఒక అబద్ధం వాసన. ఉప్పునీళ్ళను తియ్యగా మార్చే యంత్రాన్ని లోకంలో అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. సరే, యంత్రాన్ని కాదు లెండి, దాని గురించిన కోతల్ని.

మాది కృత్తివెన్ను పక్కన, సముద్రపు హోరు వంటింట్లోకి వినిపించే ఊరు. బావి తవ్వితే ఉప్పు, చెమట తుడుచుకుంటే ఉప్పు, గాలి పీలిస్తే ఉప్పు. మొవ్వలో కాలువనీళ్ళు తాగి పెరిగిన మా అమ్మ ఈ ఉప్పులోకి కోడలిగా వచ్చింది. ఎండాకాలం కాలువ కట్టేసినా, వానాకాలం కాలువనీళ్ళు చివరనున్న మా ఊరిదాకా రాకపోయినా మంచినీళ్ళ చెరువుకి పది మైళ్ళు నడవాలి. పది కాదు, రెండే. అయితే నడిచింది అమ్మ కాబట్టి నాకు పదిగానే గుర్తు. నెత్తిన బిందె మీద బిందె, చంకలో మరొకటి పెట్టుకుని, ఎండుచేపలు ఆరబోసిన గట్ల మీదుగా వచ్చి, ఆ బురదనీళ్ళలో చిల్లగింజ అరగదీసి కలిపి, తేరాక పైనీళ్ళు మెల్లగా వంచుకుంటే, అవీ మేము తాగే నీళ్ళు. బావినీళ్ళతో కందిపప్పు ఎంత మంట పెట్టినా ఉడికేది కాదు గనక, చవితికి ఉండ్రాళ్ళు కావాలన్నా, శ్రీరామనవమికి పానకం కావాలన్నా ముందు బిందెలోకి తొంగిచూసేవాళ్ళం. నాన్నమ్మ పుక్కిలించడానికి బావినీళ్ళు, మింగడానికి చెరువునీళ్ళు అని రెండు చెంబులు పెట్టుకుని, మరిచిపోయి తారుమారు చేసి, ఆ నేరం కోతికొమ్మచ్చి ఆడుతున్న మా మీద వేసేది. అమ్మ పెద్ద బిందెకి అడుగున సన్నని చిల్లు. దారంతా నీళ్ళు కారి చీర వీపున అతుక్కుపోయేది.

ఆ ఏడు ఆగస్టు పదిహేనుకి బడిలో వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం, విదేశీ మహానుభావుడు. తెలిసిన నలుగురు మహానుభావుల్నీ పెద్ద తరగతులవాళ్ళు పంచేసుకున్నారు. నాకు మిగిలింది కొట్టు నుంచి తెచ్చిన బెల్లం పొట్లం కాగితం. దాని మీద 'మెక్సికో విప్లవకాలపు రాజకీయ నాయకుడు' అని ఉంది. ఆ కింద 'పదవిలో ఉన్నన్నాళ్ళూ కనిపెట్టు' అన్నంతవరకూ ఉంది. మిగతాది చిరిగిపోయింది. పేరున్న చోట బెల్లం అంటుకుంటే నాకేశాను. ఇక పేరు నేనే పెట్టుకోవాల్సి వచ్చింది. కృత్తివెన్నుకి కాస్త తోక, ముందు దొరగారిలా వినబడే ఒక 'దొన్' తగిలించి 'దొన్ కృతివెంతో' అన్నాను.

పోటీకి అయిదు వేలమంది వచ్చారు. నూట ఇరవై అనుకోండి, అందులో కొన్ని మేకలు. నేను బల్లెక్కి, కృతివెంతో గారు ఒక చేత్తో తుపాకి, ఒక చేత్తో సుత్తి పట్టుకుని విప్లవం చేశారనీ, మంత్రి అయ్యాక కూడా కచేరీలో ఫైళ్ళు పక్కన పెట్టి మరలు బిగించుకునేవారనీ, చివరికి సముద్రపు నీటిని కొబ్బరినీళ్ళంత తియ్యగా మార్చే మిషను కనిపెట్టారనీ చెప్పాను. చప్పట్లు ఆగలేదు. అక్కడే దిగిపోతే బాగుండేది.

ముఖ్య అతిథి మా ఊరి ప్రెసిడెంటు గారు. స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళి వచ్చిన మనిషి, నవ్వడం తక్కువ. ఆయన కుర్చీలోంచి లేచారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ మిషను ఇప్పుడెక్కడుంది?"

"మెక్సికోలోనేనండీ."

"నడుస్తోందా?"

"రోజూ నడుస్తోందండీ."

"అయితే వచ్చే ఆదివారం పంచాయితీలో తీర్మానం చేసి వాళ్ళకి ఉత్తరం రాద్దాం. ఎడ్రసు నువ్వు పట్రా."

సాయంత్రానికి వార్త ఊరంతా పాకింది. చిల్లుబిందెలకి మాటు వేసేవాడు వీధిలోకి వస్తే అమ్మ బిందె ఇవ్వకుండా తిప్పి పంపేసింది. "ఇంకెందుకయ్యా? మిషను వస్తందంట, మావాడే చెప్పాడు" అంది. పక్కింటి పిన్ని, "మీవాడా? నిన్న మా కోడి గుడ్డు కూడా వాడే పెట్టానన్నాడు కదే" అని దెప్పినా అమ్మ వినలేదు. మర్నాడు ఆ చిల్లుబిందె కింద తడిసిన వీపుతో అమ్మ నడిచొస్తుంటే వెనకాల నేను వస్తున్నాను. జీవితంలో అంత పొడుగు దారి నేనెప్పుడూ నడవలేదు.

నేరుగా తెలుగు మాస్టారి దగ్గరికెళ్ళి ఏడ్చాను. ఆయన ముక్కుపొడుంకాయ మూత పెట్టి, "ఆ దొన్ గారిది ఏ ఊరో నేను మొదట్లోనే కనిపెట్టానురా" అన్నారు. కాగితం చూసి పకపకా నవ్వారు. "ఇది యంత్రాన్ని కనిపెట్టడం కాదేమో. 'కనిపెట్టుకుని ఉన్నాడు' అని రాసుంటారు, అంటే జనాన్ని చూసుకోవడం. నీకేమో సగం మాట దొరికింది, మిగతా సగానికి మిషను బిగించావు. పద, ప్రెసిడెంటు గారికి నువ్వే చెప్పు."

చెప్పాను. తీర్మానం కాగితం అప్పటికే రాసి పెట్టుకున్న ఆ పెద్దమనిషి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. చెవి మెలేస్తారని నేను ఎడమ చెవి సిద్ధం చేసుకున్నాను. ఆయన మాస్టారి వైపు తిరిగి, "కనిపెట్టుకుని ఉండమని జనం నాకు ఓటేసి మూడేళ్ళయిందండీ. మెక్సికో దాకా ఎందుకు?" అన్నారు. ఆదివారం తీర్మానం మారింది. సోమవారం ఆయన సొంత ఎడ్లబండి మీద నాలుగు డ్రమ్ములతో చెరువునీళ్ళు మా వీధిలోకి వచ్చాయి. ఊరు దానికి 'మెక్సికో బండి' అని పేరు పెట్టింది.

ఆ రోజు అమ్మకి కూడా నిజం చెప్పేశాను. బండి దగ్గర బిందె పట్టుకుని నిలబడి, తల తిప్పకుండానే, "మెక్సికో అయితేనేం, మొవ్వ అయితేనేం? నీళ్ళు గుమ్మంలోకొచ్చాయి. ఊరికే నిలబడతావేంరా, ఆ చెంబు అందుకో" అంది. నా గుండెల మీంచి మూడు బిందెలూ ఒక్కసారే దిగాయి.

విప్లవం రోజుల్లో రాజకీయాలూ నడిపి యంత్రాలూ కనిపెట్టిన మనిషి మెక్సికోలో నిజంగానే ఒకాయన ఉన్నాడని ఈ మధ్య మా మనవరాలు ఫోనులో చూపించింది. అమ్మయ్య అనుకున్నాను. ఆయన ఏం కనిపెట్టాడో అది చదవబోతుంటే నేను ఫోను లాక్కుని బోర్లించాను.

ఇప్పుడు మా ఊళ్ళో ఆ ఎడ్లు లేవు, మాటు వేసేవాళ్ళు లేరు, చిల్లగింజ చూపిస్తే కుర్రకారు 'చింతపిక్కా?' అంటారు. చేలున్న చోట రొయ్యల చెరువులొచ్చాయి. మెక్సికో బండి అంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, అందుకే ఎంత గొప్పగానైనా చెప్పుకోవచ్చు. కానీ చెప్పేస్తాను, ఆ నీళ్ళు అంత తియ్యగా ఏమీ లేవు. డ్రమ్ములు కిరసనాయిలువి. మొదటి వారమంతా పప్పులో, మజ్జిగలో, నాన్నమ్మ రెండు చెంబుల్లోనూ అదే వాసన. అయినా ఊళ్ళో ఒక్కరు కూడా మొహం చిట్లించలేదు.