మేనేజరు ఎంచిన పికప్

గల్ఫులోని సహంలో మా అర్బాబుకు, అంటే యజమానికి, ఖర్జూర తోట, దాని వెనక ఆరు గుర్రాల లాయం ఉన్నాయి. జగిత్యాల దగ్గరి పల్లెనుంచి వచ్చి నేనక్కడ డ్రైవరుగా చేరాను. గుర్రాలను ట్రైలర్‌లో ఎక్కించి పోటీలకు తీసుకుపోయి తీసుకురావడం నా డ్యూటీ. పాత పికప్ ఇంజను పోయినప్పుడు, కొత్తది ఎంచే పని అర్బాబు నాకివ్వలేదు. మేనేజరుకు ఇచ్చారు.

మేనేజరు హైదరాబాదు మనిషి. భార్యాపిల్లలతో రాజధానిలోని ఘుబ్రాలో ఉంటూ వారానికొకసారి తోటకు వచ్చేవాడు. ఏది ఆడగుర్రమో ఏది మగగుర్రమో నన్నడిగి తెలుసుకుని, తనకు తెలిసినట్టే అర్బాబుకు చెప్పేవాడు.

కొన్న బండిని నడిపి తేవాలి గనక షోరూమ్‌కు నన్నూ తీసుకువెళ్ళాడు. అక్కడ ఒక నల్ల డబుల్ క్యాబిన్ పికప్ ఎక్కి ఇక దిగలేదు. సీటులోంచి చల్లగాలి వస్తుంటే వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తెరమీద పాటలు మార్చాడు. పైకప్పు అద్దం తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఈలోగా నేను వెనక్కి పోయి, నేలమీద పడుకుని బండి కింద చూశాను. బరువు మోసే కమాన్ పట్టీలు లేవు, కారుకుండే మెత్తటి స్ప్రింగులున్నాయి.

"లేవవయ్యా, అందరూ చూస్తున్నారు," అన్నాడు.

"సార్, ఇది మెత్తగున్నది. రెండు గుర్రాలతోని ట్రైలర్ తగిలిస్తే ఎనుక కుంగుతది. ట్రైలర్ బ్రేకులకు వైరింగ్ గుడ లేదు."

"మూడున్నర టన్నులు లాగుతుందని కాగితం మీద రాసుంది. చదవడం వచ్చా నీకు?"

"లాగుతది సార్. దిగుడుల ఆపాలె గదా."

"గుర్రాలు కూర్చునేది ట్రైలర్‌లో, నీ బండిలో కాదు," అని సేల్స్‌మన్ వైపు చూసి నవ్వాడు.

గుర్రాలు కూర్చుని ప్రయాణం చేస్తాయనుకునే మనిషి ఆ రోజు గుర్రాల కోసం బండి కొన్నాడు. నేను "సరే సార్" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నామీద నాకు రోతే.

ఆ నెలలోనే కొండలకవతల బహ్లాలో పోటీ వచ్చింది. కొత్త బండిలో తిరిగే మోజుతో మేనేజరు కూడా బయలుదేరాడు. వెనక గడ్డిమోపులు, జీనులు, నీళ్ళ డబ్బాలు వేశాం. రెండు ఆడగుర్రాలు ఎక్కిన ట్రైలర్ తగిలించగానే బండి వెనక్కి కుంగి ముక్కు పైకెత్తింది. ఆయన ముందు సీట్లో కూర్చుని ఫోటో తీసుకుంటున్నాడు.

కొండలు ఎక్కేటప్పుడు బాగానే లాగింది. "చూశావా?" అన్నాడు. తర్వాత దిగుడు మొదలైంది. బ్రేకు తొక్కినప్పుడల్లా ట్రైలర్ వెనకనుంచి నెట్టింది, పక్కలకు ఊగింది. గేరు తగ్గించి, కొంచెం కొంచెంగా తొక్కుతూ వచ్చాను. బ్రేకులు కాలిన వాసన కొట్టింది. మేనేజరు తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని "ఆపు, ఆపు" అంటున్నాడు. బండి ఆగడం కూడా అవసరమేనని ఆయనకప్పుడు తెలిసింది.

చదునైన చోటు దొరికాక పక్కకు తీసి ట్రైలర్ తెరిచాను. ఒక గుర్రం చెమటతో తడిసి వణుకుతోంది. రెండోదాని మోకాళ్ళు గీరుకుపోయి రక్తం కారుతోంది. నేను నీళ్ళు పోసి కడుగుతుంటే, ఆయన అవతల నిలబడి ఫోనులో అర్బాబుకు చెబుతున్నాడు, డ్రైవరు మరీ స్పీడుగా తోలాడని. అదీ నేను వింటుండగానే.

అర్బాబు వేరే బండిలో వచ్చారు. ముందు గుర్రం మోకాళ్ళు తడిమారు. తర్వాత కుంగిన పికప్‌ను చూసి, "దీన్ని ఎవరు ఎంచారు?" అని హిందీలో అడిగారు.

"షోరూమ్ వాళ్ళే మంచిదన్నారు," అన్నాడు మేనేజరు.

ఈసారి నేనూరుకోలేదు. కుంగుతుందన్నాననీ, ఆపడం కష్టమన్నాననీ, ఈయన నవ్వాడనీ నాకొచ్చిన హిందీలో మొత్తం చెప్పాను. అర్బాబు చాలన్నట్టు చేయెత్తారు. మేనేజరు ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు.

మరుసటి వారం అర్బాబు నన్ను వెంటబెట్టుకుని పాత బండ్లమ్మే చోటుకు వెళ్ళారు. ట్రైలర్‌లో గుర్రాల బరువుకు సరిపడా దాణా బస్తాలు వేసి, ఒక్కో పికప్‌కూ తగిలించి వాలులో దింపి చూశాను. మూడోది ఆగమన్న చోట ఆగింది. తెల్లటి, పొడవైన మోటు బండి. అద్దాలు చేత్తో తిప్పి దించాలి.

మేనేజరు ఉద్యోగం పోలేదు. నల్ల బండిని కూడా ఆయన రాకపోకలకే ఇచ్చారు. గుర్రం మోకాళ్ళు పగలగొట్టినందుకు అదీ బహుమానం.

గాయపడ్డ గుర్రం మాత్రం నెలదాకా ట్రైలర్ దగ్గరకే రాలేదు. రోజూ పొద్దున్నే ఖర్జూరాలు పట్టుకుని ట్రైలర్ ముందు నిలబడేవాణ్ణి. ఒకరోజు తనంతట తానే ఎక్కింది. తలుపు వేయకుండా కాసేపు అలాగే ఉంచి, దించేశాను.