చివరి రెండు చుక్కలు

మా ఆఫీసులో హనుమాయమ్మ గారంటే పడనివాళ్లే ఎక్కువ. నాకూ చాలాకాలం పడలేదు, దాచడం దేనికి? నోయిడాలో ఏడో అంతస్తులో కూర్చుని, గోదావరి జిల్లాల్లో చమురు బావులు తవ్వే రిగ్గులకు లెక్కలు కట్టి పంపడం మా పని. గదినిండా మగవాళ్లమే, ఆవిడ ఒక్కతే ఆడమనిషి. అయినా గట్టిగా వినిపించే గొంతు ఆవిడదే.

ఊరు వినుకొండ. తండ్రి బోరు లారీ మీద పనిచేసేవాడు. బండ తగిలితే ఏ మోత, మన్ను తగిలితే ఏ మోత అన్నది పదేళ్లకే పసిగట్టేదట. కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగు చదివి ఉద్యోగంలో చేరితే, ఆడపిల్లని రిగ్గు మీదికి పంపం పొమ్మన్నారు. "మీరు పంపేదేంది, నేనే పోతా" అని బస్సెక్కి రిగ్గు గేటు దగ్గర దిగింది. నాలుగేళ్లు ఆ బురదలోనే పనిచేసింది. ఇప్పుడు నోయిడా దగ్గరే, వైశాలిలో కాపురం. కూతురు హాసినికి తెలుగులో చీవాట్లు పెడితే ఆ పిల్ల హిందీలో జవాబిస్తుంది. తెలుగులో అడిగేదాకా ఈవిడ రొట్టె పెట్టదు.

పోయిన ఆగస్టులో వచ్చింది అసలు గొడవ. ఒక బావి రెండున్నర వేల మీటర్లు దాటింది. ఇనుప గొట్టం దించి చుట్టూ సిమెంటు పోశారు. దాని కింద మూడు మీటర్లు కొత్త రాయి తొలిచి, ఆగి, ఆ రాయి బలం చూడాలి. బావి మూతి బిగించి, మడ్ అనే చిక్కటి బురదను పంపుతో కొంచెం కొంచెంగా లోపలికి నెడతారు. నెట్టిన ప్రతిసారీ ప్రెషరు ఎంతుందో రిగ్గువాళ్లు ఫోనులో చెబితే, మేమిక్కడ గ్రాఫు కాగితం మీద ఒక చుక్క పెడతాం. రాయి తట్టుకున్నంతసేపూ చుక్కలు తిన్నగా పైకి పోతాయి. రాయి విచ్చుకోవడం మొదలుపెట్టగానే చుక్క గీత కిందికి జారుతుంది. అదే ఆ రాయి హద్దు. అంతకుమించి బరువున్న మడ్ బావిలో పోయకూడదు.

ఆ ఉదయం పన్నెండు చుక్కలు పెట్టాం. పది గీత మీద, చివరి రెండు కింద.

మా మేనేజరు త్యాగరాజు గారు స్కేలు పట్టుకుని వచ్చారు. మనిషి మంచివాడే, పైవాళ్ల ఫోనంటేనే వణుకు.

"ప్రెషరు గేజు తప్పు చూపించి ఉంటుందమ్మా. ఆ రెండూ వదిలేసి గీత పైకి లాగు. పక్క బావిలో వచ్చిన నంబరే వస్తుంది, ఠీక్ హై?"

మాలో ఇది మామూలే. రెండేళ్ల కిందట నేనూ ఒక చుక్క చెరిపాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టే సిగ్గు కూడా పోయింది.

"పక్క బావి రాయి పక్క బావిదండీ," అంది హనుమాయమ్మ గారు. "గేజు తప్పయితే గేజు మార్చి మళ్లీ చేయిద్దాం."

అని ఊరుకోలేదు, స్పీకరు ఫోనులో రిగ్గు పెద్ద బసవపున్నయ్య గారిని పిలిచింది. "ఇంకో గేజుందా?"

"ఆయ్, ఉందండీ. కొత్తదేనండీ."

రెండు గంటల్లో రెండో పరీక్ష అయింది. చుక్క సరిగ్గా అక్కడే జారింది.

"ఇప్పుడేమంటారు? రెండు గేజులూ కూడబలుక్కున్నాయా?"

త్యాగరాజు గారి మొహం కందగడ్డయింది. "ఆ నంబరుతో ముందుకు పోలేం, రాయి గట్టిపడేలా మళ్లీ సిమెంటు కొట్టాలంటే మూడు రోజులు రిగ్గు ఆగాలి! పైవాళ్లకి నువ్వు చెప్తావా?"

"చెప్తా. ఫోనివ్వండి."

"పక్క బావి నంబరు వేసి సంతకం పెట్టకపోతే రేపు ఆ కుర్చీలో ఉండవు."

"కుర్చీదేముందండీ! కింద గ్యాసుంది. దాన్ని అణచాలని బరువు మడ్ పోస్తే ఈ రాయి చీలుద్ది. మడ్ రాయిలోకి పోద్ది, గ్యాసు పైకొచ్చుద్ది. పైన అరవై మంది ఉన్నారు, సగం మంది పేర్లు నాకు తెలుసు. ఈ చుక్కలు చెరిపే రబ్బరు నా దగ్గర లేదు."

తక్కువ నంబరే పెన్నుతో రాసి సంతకం పెట్టేసింది.

రిపోర్టు రిగ్గుకు వెళ్లాలంటే ఇద్దరు ఇంజనీర్ల సంతకాలుండాలి. త్యాగరాజు గారు కొత్త కాగితం తీసి, పది చుక్కలే పెట్టి, గీత లాగి నా ముందు పడేశారు. "లక్ష్మీనారాయణా, నువ్వు పెట్టు. రెండోది ఇంకొకరితో పెట్టించుకుంటా."

చెప్పొద్దూ, పెన్ను తీశాను. ఈవిడ మొండితనం నా మెడకు చుట్టుకుందేమిట్రా బాబూ అని ఒళ్లు మండిపోయింది.

ఇంకా లైనులోనే ఉన్న బసవపున్నయ్య గారి గొంతు స్పీకరులో వినిపించింది. "ఏవండీ, ఏ సంగతో తొందరగా చెప్పండి. మావోళ్లు మడ్ బరువు పెంచడానికి రెడీగా ఉన్నారండీ."

హనుమాయమ్మ గారు నన్ను బతిమాలలేదు. కనీసం నావైపు చూడలేదు. ఛీ, ఇంకా ఏం ఆలోచిస్తున్నాను అనిపించింది. కొత్త కాగితం పక్కకు నెట్టి, ఆవిడ కాగితం లాక్కుని, ఆవిడ సంతకం కిందే నాదీ పెట్టాను.

"రేపటి నుంచి ఇద్దరికీ కుర్చీలుండవు!" అని అరిచారు త్యాగరాజు గారు.

"రేపు కదండీ," అంది ఆవిడ, ఫోను దగ్గరికి జరుపుకుంటూ. "ఇవాళ ఉన్నాం. బసవపున్నయ్య గారూ, మడ్ బరువు పెంచొద్దు. సిమెంటు తెప్పించండి."

"ఆయ్. ఆపేశానండీ."