అలసటకు మార్కులు

మా బావ ఆ డబ్బా తెచ్చిన రోజే నాకు నచ్చలేదు. బావంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు. సైన్యంలో పని. ఊపిరి సరిగ్గా ఆడని మంచుకొండల మీద రెండుసార్లు కాపలా కాసి వచ్చాడు. మూడోసారి ఎక్కబోయే ముందు నెల సెలవు పెట్టి దువ్వాడలో మా అద్దెవాటాకి వచ్చాడు. సంచి విప్పితే బట్టలకన్నా ముందు ఆ డబ్బా బయటపడింది. లోపల అన్నీ తెల్ల పొట్లాలే. పేరు లేదు, బొమ్మ లేదు, ఒక్కోదానిమీద ఒక నంబరు.

నేను రొయ్యలు ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేస్తాను. ఇంట్లో ఉప్పు ప్యాకెట్ కూడా తేదీ చూడందే సీసాలో పొయ్యను. నాది అనుమానపు పుట్టుక అని మా అత్త అంటుంది. కాదనను.

"ఏటి బావా ఇది?"

"కొండమీద అలుపు తగ్గడానికి తాగే పొడి. డాక్టర్లు పరీక్ష సేత్తన్నారు. ఎక్కడానికి పదిహేను రోజుల ముందునుంచే తాగాల."

ఇష్టపడ్డవాళ్లనే తీసుకున్నారట. కొందరికి అసలు పొడి, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త పొడి. ఎవరికేది వచ్చిందో ఆఖరిదాకా చెప్పరట.

"మరి నీకిచ్చింది ఏది?"

"నాకేటి తెలుసు? ఇచ్చిన డాక్టరుకే తెల్దంట."

నాకు ఒళ్లు మండింది. ఇచ్చేవాడికీ తెలీదు, తాగేవాడికీ తెలీదు, ఇదేం వైద్యం? ఒక పొట్లం చింపి నాలిక్కి రాసుకున్నాను. నిమ్మ వాసన, కాస్త తీపి. సాయంత్రందాకా నన్ను నేనే కనిపెట్టుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఉత్తదే అంటగట్టారని ఒక అనుమానం. అసలుదైతే ఇంకా భయం. అలుపు తెలియకపోతే ఎక్కడ ఆగాలో మనిషికి ఎలా తెలుస్తుంది? బావ మాత్రం పొట్లం తగ్గిందని కసురుకున్నాడు.

డబ్బా అడుగున ఒక పుస్తకం ఉంది. రోజూ పొడి తాగినట్టు టిక్కు పెట్టి, ఆ రోజు అలుపుకి సున్నా నుంచి పదిదాకా మార్కు వేసుకోవాలి. బయల్దేరే ముందురోజు బావ కటింగ్‌కి వెళ్లినప్పుడు తీసి చూశాను.

మా ఫ్యాక్టరీలో ఫ్రీజర్ ఎంత చల్లగా ఉందో గంటగంటకీ చూసి చార్టులో రాయాలి. బద్ధకించిన వాళ్లు షిఫ్టు మొదట్లోనే ఎనిమిది గంటలవీ రాసేసి కూర్చుంటారు. ఒకే పెన్ను, ఒకే వాలు, ఒక్క కొట్టివేతా ఉండదు. అలాంటి చార్టుని నేను ఆమడ దూరం నుంచి పట్టేస్తాను. ఆ పుస్తకమూ అలాగే ఉంది. ఇంకా ఎక్కని కొండమీది రోజులకి, రెండు నెలలకి సరిపడా, మార్కులు వేసేసి ఉన్నాయి. ఒకటి, రెండు, ఒకటి, ఒకటి.

బావ గుమ్మంలోకి రాగానే పుస్తకం ముందు పడేశాను.

"రేపటి అలుపు ఇయ్యాలే ఎలా రాసీసావు?"

బావ పుస్తకం తీసి మూశాడు. "ఐదు దాటితే కిందకి దింపీసి పరీక్షలు సేత్తారే. నాను దిగిపోతే నా బరువు కూడా పక్కోడే మొయ్యాల."

"కిందటిసారి ఎలాగుండీది?"

"బూట్లు ఇప్పుకోడానికే ఓపిక ఉండీది కాదు. అలాగే తొంగునీవోణ్ణి."

ఆ రోజుల్లో ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నాననే చెప్పాడు. నేను నమ్మాను. పొట్లాలనీ డాక్టర్లనీ అనుమానించిన మనిషిని, మొగుడి గొంతుని ఒక్కనాడూ అనుమానించలేదు.

తప్పుడు చార్టుకి మేం చేసే పని ఒకటే, అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టడం. ఆ పుస్తకంలో ముందే నింపిన ప్రతి పేజీకీ ఎర్రగీత కొట్టి కింద నా సంతకం పెట్టాను. "ఎవులు కొట్టారని డాక్టరడిగితే, మా ఆవిడని సెప్పు," అన్నాను. బావ నవ్వలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని మర్నాడు రైలెక్కాడు.

పైకెళ్లిన పన్నెండో రోజున, నేను షిఫ్టుకి వెళ్తుంటే ఫోన్ వచ్చింది.

"ఎంతేసావు?" అన్నాను.

"ఏడు."

"ఏడేనా బావా?"

"నీకు సెప్పడానికి ఏడు," అన్నాడు. "పుస్తకంలో నీ ఎర్రగీత పక్కన తొమ్మిదే రాసీసాను. రేపు దింపుతన్నారు."

ఫ్యాక్టరీ గేటు ముందు, అందరూ చూస్తుండగా, సంతోషం పట్టలేక ఏడ్చేశాను.