సున్నం నిలవని పందిరి

నా పనికి ఎవరైనా వంక పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ప్రయాణం ఆ మంటతోనే మొదలైంది. హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళుగా గుడ్డకు పైపూత వేస్తున్నాను. బడుల్లో, బస్టాండ్లలో తెల్లటి గుడ్డ పైకప్పులు మీరు చూసే ఉంటారు. గట్టి నేతగుడ్డకు రెండు వైపులా ప్లాస్టిక్ పట్టించాక, ఎండనూ దుమ్మునూ ఆపడానికి చివర్లో పలచగా లాకర్ అనే మెరుగుపూత పూస్తాం. వెంట్రుక మందం కూడా ఉండదు, కంటికి కనబడదు. అందుకే క్యాంటీన్‌లో నన్ను "పైన పటారం మాస్టారూ" అని ఏడిపిస్తారు. పోయిన నెల ఆ ఎగతాళికి తోడు ఒక ఫోటో వచ్చింది. తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర ఒక పల్లెబడి పందిరి మీద పూత పొట్టుపొట్టుగా లేస్తోంది. ఆ గుడ్డకు పూత వేసింది నేనే. ఊడింది లాకరే అయితే మా గుడ్డ ఇక ముట్టుకోనని, ఆ పందిరి కట్టిన విరుదునగర్ సెల్వి ఫోన్‌లో తెగేసి చెప్పింది. తాడో పేడో తేల్చుకుందామని సెలవు పెట్టి, సొంత డబ్బుతో బయల్దేరాను.

మదురై దాకా రైలు, అక్కడి నుంచి బస్సులో గంట పైచిలుకు. ఉదయం ఎనిమిదికల్లా విరుదునగర్‌లో దిగాను. బస్టాండ్ నుంచి సెల్వి షెడ్డుకు ఆటోవాడు ఎనభై రూపాయలు తీసుకున్నాడు. ఆమె తమిళంలో మొదలుపెట్టి, నా తమిళం విని జాలిపడి తెలుగులోకి దిగింది. వాళ్ళ ఇంటి మాట తెలుగే, చదవడం మాత్రం రాదు. "మీ పూత మీద అతుకు నిలవదన్నా. అంచులంతా గీకి, ఆనక వేడి పెట్టి అతికిస్తిమి. మూడు దినాలు గీకితే చేతులు బొబ్బలెక్కె. అంత మొండి పూత దానంతట అది ఎట్ల లేచె? నాకూ అర్తం కాలా. పదండి, నేనూ వస్తా" అంది. తిట్టడానికి వస్తోందో, తోడుకు వస్తోందో ఆ ముఖం చూస్తే తెలియలేదు.

తొమ్మిదిన్నరకు సాత్తూరు మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాం. కోవిల్‌పట్టికి గంటంబావు పట్టింది, టికెట్ యాభై రూపాయల లోపే. అక్కడ దిగినవాళ్ళు వేరుశెనగ మిఠాయి కొనకుండా కదలకూడదు. నేను రెండు పొట్లాలు కొన్నాను, కంగారులో ఒకటి దారిలోనే నమిలేశాను. పుదూరు వైపు బస్సులు తక్కువ కాబట్టి ఆటో మాట్లాడుకున్నాం. పోను రాను ఎనిమిది వందలన్నాడు డ్రైవరు, సెల్వి ఆరువందల యాభైకి దించింది. మేమెందుకు వెళ్తున్నామో విని అతను కూడా తెలుగు బయటికి తీశాడు, ఆ వైపు పల్లెల్లో తెలుగిళ్ళు చాలానే ఉన్నాయట. "పందలు చూసేకా అన్నా అంత దూరం నించి వస్తిరి? మా ఊళ్ళో పెండ్లికి వస్తే పది చూపిద్దును కదా!" పందలంటే వాళ్ళ మాటలో పందిరి. నవ్వే ఓపిక నాకు లేదు. దారి పొడుగునా నల్లరేగడి, గాలి లేస్తే నల్లదుమ్ము.

బడి దగ్గర దిగగానే పందిరి కిందికి పరుగెత్తాను. అంచుల పొడుగునా తెల్లటి పెచ్చులు లేచి ఉన్నాయి, ఒక మూల బొగ్గు పూసినంత నల్లగా ఉంది. నిచ్చెన వేయించుకుని ఎక్కి, ఒక పెచ్చు గోటితో గిల్లాను. పొడిపొడిగా రాలింది. లాకర్ పొడిగా రాలదే! అనుమానమొచ్చి నాలుక కొసకు రాసుకున్నాను. చురుక్కుమంది. సున్నం!

"ఎవరమ్మా దీనికి సున్నం కొట్టింది?" అని పైనుంచే అరిచాను. బడిలో వంట చేసే రామక్క అవ్వ కొంగు దులుపుకుంటూ ముందుకొచ్చింది. బెదరలేదు. "నేనే నాయనా. అమ్మోరి తిరునాళకు ఊరంతా సున్నం కొడితిమి, బడిగోడలకూ కొడితిమి. పందలును ఇడిస్తే ఊరోళ్ళు నవ్వరా? కంజి కలిపి, అందినంత మేర పూస్తిమి. రెండు వానలకు లేచిపాయె."

"మరి ఆ నల్ల మూల?"

"గోడకు సున్నం పట్టకుంటే గీకి కొట్టేది కదా! గంగాళం తోమే ఇనప పీచుతో గట్టిగా రుద్దితి. ఆనక దుమ్ము పట్టె, కడిగితే పోలా."

తడిగుడ్డతో పెచ్చుల పక్కన తుడిచాను. సున్నం జారిపోయి, కింద గుడ్డ కొత్తదానిలా తెల్లగా మెరిసింది. అవ్వ గీకిన మూల మాత్రం ఎంత తుడిచినా నల్లగానే ఉంది. లాకర్ ఉన్నచోట సున్నం కూడా నిలవలేదు, లేనిచోట దుమ్ము లోపలికంటా పట్టేసింది. పద్దెనిమిదేళ్ళలో నా పని నా కంటికి కనబడింది ఆ రోజే. గర్వపడ్డాను, దాచుకోవడం దేనికి? సెల్వి కూడా నిచ్చెనెక్కి తన అతుకులు ఒక్కొక్కటీ లాగి చూసుకుంది. ఒక్కటీ కదల్లేదు. "ఆ మూలకు కొత్త ముక్క అతికిస్తా. గీకే పని అవ్వే చేసిపెట్టె!" అని పకపకా నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "పక్కూరి పందలుకూ మీ గుడ్డే పంపండన్నా" అంది.

రామక్క మాత్రం నవ్వలేదు. నా చేతుల వంక చూసి, "నలబై ఏండ్లుగా కొడతా ఉండా. నా సున్నాన్ని వద్దన్న గోడ ఒకటీ లేదు. నీ గుడ్డ వద్దనె" అంది. నాకు అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు. మిగిలిన మిఠాయి పొట్లం ఆమె చేతిలో పెట్టి దండం పెట్టాను.

సాయంత్రం విరుదునగర్‌లో నూనెలో వేయించిన పరోటాలు తిన్నాను. పైన కరకర, లోపల మెత్తన. "పైన గట్టిగా ఉంటేనే లోపలిది బాగుంటుంది" అన్నాడు వంటమాస్టరు తమిళంలో. ఈసారి అర్థమై, ఇంకో రెండు వేయించుకున్నాను. మన పని ఎక్కడ ఎలా బతుకుతోందో ఒక్కసారైనా వెళ్ళి చూసి రావాలి. ఫోటోలో నాకు అవమానం కనిపించింది, అక్కడికి వెళ్తే గౌరవం దొరికింది. మీ ఊళ్ళో గుడ్డ పందిరి ఉంటే ఒక్క మాట వినండి: మెత్తటి గుడ్డ, కాస్త సబ్బునీళ్ళు, అంతే. పీచు తాకనివ్వకండి, సున్నం గోడలకే ఉంచండి. ఆ బడి గోడ, పందిరి కలిసొచ్చేలా తీసిన ఫోటో ఇప్పుడు మా క్యాంటీన్‌లో వేలాడుతోంది. నిజం చెప్పొద్దూ, అవ్వ గోడే ఒక పిసరు ఎక్కువ తెలుపు. నన్ను ఇప్పటికీ "పైన పటారం మాస్టారూ" అనే పిలుస్తున్నారు. ఇప్పుడు దర్జాగా పలుకుతున్నాను.