బడి కోసం పాలమూరు దాకా, అన్నం వేళకు నల్లగొండకు

మా అక్షయకు తొమ్మిదేళ్లు నిండాయి. ఇంకా అన్నం నేనే కలిపి పెడుతున్నాను. ఎదుగుదల ఆలస్యమని డాక్టర్లు చెప్పిన పిల్ల, పదిహేను మాటలకు మించి రావు, వాటిలోనూ సగం మాకు తప్ప ఎవరికీ తెలియవు. మా ఊరు కేతేపల్లిలో మామూలు బడికి మూడేళ్లు వెళ్లింది. వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది, అంతే. ఈ వేసవిలో నేను మొండికేశాను, ఇలాంటి పిల్లలకు నేర్పే మంచి బడి ఎక్కడుంటే అక్కడికే కాపురం మార్చాలని. పాలమూరులో, అదే మహబూబ్‌నగర్‌లో, పెద్ద బడి ఉందని అక్కడే ఉండే మా పిన్ని చెప్పింది. కానీ అంత దూరం పోతే గొర్రెల మందను అమ్ముకోవాల్సిందే. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు, అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

బడులు తెరిచిన రెండో వారంలో బయల్దేరాం. తోడుగా మా మామ, మా ఆయన తండ్రి, వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, బతుకంతా జీవాల వెంటే తిరిగాడు, ఏనాడూ బడి గడప తొక్కలేదు. ఈయనొచ్చి ఏం చూస్తాడులే అని లోపల విసుక్కున్నాను.

ఇదే దారిన వెళ్లేవాళ్ల కోసం వివరంగా చెబుతున్నాను. పొద్దున ఐదున్నరకు కేతేపల్లిలో ఎక్కి, నకిరేకల్‌లో మారి, ఏడు గంటలకు నల్లగొండ బస్టాండులో దిగాం. అక్కణ్నుంచి దేవరకొండ గంటన్నర. మళ్లీ బస్సు మారి కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి పన్నెండు దాటింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు, డబ్బులిచ్చింది మామ ఒక్కడే. దేవరకొండలో పొద్దుటి టిఫిన్ తినేయండి, తర్వాత తీరికగా తినే చోటు దొరకదు.

దేవరకొండ దాటాక అక్షయ గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది. బస్సులో అందరూ తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. "పాప గిట్ల ఒర్లుతాందేందమ్మా?" అని కండక్టర్ అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మామ అందుకున్నాడు. "ఒర్లుడు గాదు సారూ, పాట. మీ బస్సు మంచిగ నచ్చింది దానికి." కండక్టర్ నవ్వి, ముందు వైపు కిటికీ సీటు ఖాళీ చేయించి మరీ కూర్చోబెట్టాడు.

మహబూబ్‌నగర్‌లో ఆటో ఎక్కి బడి పేరు చెబితే డ్రైవర్ "గా రంగుల గోడల బడా? ఎరుకే" అన్నాడు. నిజంగానే గోడల నిండా బొమ్మలు, ఉయ్యాలలు, రబ్బరు బంతుల గది. ఆఫీసులో మేడమ్ చెబుతుంటే నేను మురిసిపోయి, మనసులో గొర్రెలన్నీ అమ్మేశాను. బయటికొస్తే మామ భోజనాల హాలు గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు, పక్కనే అక్షయ.

"ఎట్లున్నది మామా?"

"బిల్డింగు మస్తుగున్నది. పిలగాండ్లే చేతులు కట్టుకొని కూసున్నరు. ఆయమ్మలు వరుసగ ముద్దలు పెట్టుకుంట పోతున్నరు. ఒక పిల్ల చెయ్యి సాపితే మడిచి మళ్ల ఒళ్లె పెట్టిన్రు."

"మీద పోసుకోకుంట గట్ల చేస్తరు. నీకేమెరుక బడుల సంగతి?" కసురుకున్నాను.

మామ నొచ్చుకోలేదు. గేటు బయట చాయ్ తాగుతూ నిమ్మళంగా చెప్పాడు. "మంద తోలేముందు మేం ఒకలం పోయి కొత్త జాగ చూసొస్తం గద. గడ్డి ఒక్కటే చూసి రాం బిడ్డా. ఆడ అప్పటికే మేస్తున్న జీవాలను చూస్కుంట పొద్దంత కూసుంటం. అవి తలకాయ దించుకొని మేస్తుంటె మనయి గూడ మేస్తయి. బెదిరి ఒక్కకాడ కుప్పవడితె, గడ్డి మోకాలెత్తున్నా తోలం. గా పిల్ల చెయ్యి మడిచేసరికి నాకు జర భయమైంది."

నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందో సాయంత్రం పిన్ని ఇంట్లో అక్షయకు అన్నం పెడుతుంటే తెలిసింది. దాని కుడిచేతిని నా ఎడమచేత్తో అదిమి పట్టుకున్నాను. రోజూ అలాగే పడతాను, ఒలకబోస్తుందని.

మర్నాడు పొద్దున ఆరింటి బస్సుకు తిరుగు ప్రయాణం. నల్లగొండలోనూ ఇలాంటి పిల్లల కేంద్రం ఒకటి ఉందని మా ఊరి బడి పంతులమ్మ ఎప్పుడో చెప్పింది. రెండు గదులే అని తెలిసి నేను చూడకుండానే కొట్టిపారేశాను. "ఎట్లాగు ఆడ దిగుతం గద, చూసి పోదాం" అన్నాడు మామ. బస్టాండు నుంచి పానగల్ వైపు షేర్ ఆటోలో మనిషికి ఇరవై తీసుకున్నారు. పన్నెండున్నరకు చేరాం.

రేకుల వరండాలో పదిమంది పిల్లలు గుండ్రంగా కూర్చుని అన్నం తింటున్నారు. తింటున్నారంటే ఏం చెప్పను! మెతుకులు నేల మీద, బట్టల మీద, ఒకడి జుట్టులో కూడా. ఒకటే గోల. ముప్పై ఏళ్ల టీచరమ్మ, చీర కుచ్చిళ్ల మీద పప్పు మరకలతోనే, "కూసోండమ్మా, పిల్లలు తిన్నంక మాట్లాడుకుందాం" అని అక్షయ ముందు కూడా పళ్లెం పెట్టింది. నేను అలవాటుగా కలపబోయాను.

"మీరు జర ఆగుండ్రి."

"దానికి రాదు మేడమ్."

"రాకుంటె కింద పడ్తది. ఊడుస్తం."

అక్షయ నా వైపు చూసింది. పక్క పిల్ల వైపు చూసింది. చెయ్యి పళ్లెంలో పెట్టి, పిడికిలి బిగించి, నోటి దాకా తెచ్చేసరికి సగం గౌను మీద పడింది. మిగిలింది తిన్నది. మళ్లీ పెట్టింది చెయ్యి. మామ కిలకిలా నవ్వాడు. నా కళ్లల్లో నీళ్లు ఆగలేదు. చేతులతో ఏం చేయాలో తోచక కొంగు నలుపుకుంటూ కూర్చున్నాను.

టీచరమ్మ ఏదీ దాచలేదు. మాట నేర్పే ఆమె వారానికి ఒక్కరోజే వస్తుంది. వాన గట్టిగా పడితే ఒక గది కురుస్తుంది. ఇవన్నీ విని కూడా నాకు నిశ్చింతగానే ఉంది. పానగల్‌లో ఒక గది, వంటిల్లు కిరాయికి చూసుకున్నాం. మంద కేతేపల్లిలోనే ఉంటుంది, వారానికి రెండుసార్లు మా ఆయన వచ్చిపోతాడు. అక్కణ్నుంచే ఆయనకు ఫోన్ చేశాను.

"గొర్లు అమ్మొద్దు, నల్లగొండల్నే ఉంటం."

ఆయన మెల్లగా అడిగాడు. "పిల్ల తిన్నదా?"

"తిన్నది."

"నువ్వు తిన్నవా, దానికి పెట్టుడే అయిందా?"

"నేను పెట్టలే. అదే తిన్నది" అన్నాను. అవతల మనిషి ఏడుస్తున్నాడని ఊపిరి చప్పుడుతో తెలిసింది.

మంచి బడి అంటే దూరంగా, పెద్దగా ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. పాలమూరు బడిని తప్పు పట్టడం లేదు, అది నప్పే పిల్లలు కూడా ఉంటారు. మా పిల్లకు మాత్రం ఒలకబోసుకునే స్వేచ్ఛ ముందు కావాలి, అది గంటన్నర దూరంలోనే దొరికింది. గుండె మీంచి బరువు దిగింది. ఊరు మారాలనుకునే తల్లిదండ్రులకు ఒక్కటే చెబుతాను: ఏ బడికైనా మధ్యాహ్నం అన్నం వేళకు వెళ్లండి, ఆఫీసు గదికి ముందు పిల్లలు తినేచోట ఒక గంట కూర్చోండి. మీ పిల్ల ముందు కూడా పళ్లెం పెడితే, ఎంత కష్టమైనా సరే, మీ చేతులు మీ ఒళ్లోనే ఉంచుకోండి.